హోజియా చివరి అంకె

కుళాయి మూసింది మీరు. పీచ్ పళ్ళ షెడ్డు చివర, పళ్ళు మోసే బెల్టు ఆగేచోట, గోడకున్న ఇనుప కుళాయికి పిడి ఊడదీసి, గొట్టానికి మూత బిగించి, దానికి అడ్డంగా ఖాళీ పెట్టెలు పేర్చింది మీరు. రెంచి పట్టుకున్న చెయ్యి సూపర్‌వైజరు గ్రేడీది. పట్టుకోమన్న నోరు షెడ్డు యజమానులు క్రాండెల్ వాళ్ళది. ఒక్కసారి కూడా నా భర్త చేతుల వంక చూడకుండా నెలనెలా మందు పెంచుకుంటూ పోయింది క్లినిక్కు. ట్రక్కు బోల్తాపడితే వాసనైనా చూడకుండా "తాగి ఉండవచ్చు" అని రాసి సంతకం పెట్టింది కౌంటీ ఆఫీసు. మీరంతా కలిసి హోజియా టార్వర్‌ని చంపారు. అందులో ఇంకో మనిషి కూడా ఉంది. ఆ మనిషిని నేను. నా సంగతి నేనే చెబుతాను, మీరు చెప్పనక్కర్లేదు.

హోజియాకి షుగరు నాలుగేళ్ళ కిందట బయటపడింది. మొదటి ఏడాది మాత్రలు, ఆ తరవాత ఇన్సులిన్. క్లినిక్కు వాళ్ళు నల్ల జిప్పు సంచిలో ఒక షుగర్ మిషన్ ఇచ్చారు. అరచేతిలో దాగిపోయేంత. వేలు గుచ్చుకోమంటే చంటిపిల్లాడిలా మొహం తిప్పుకున్న మనిషి, నెల తిరిగేసరికి ఆ సంచి లేకుండా గడప దాటడం మానేశాడు. పొద్దున లేవగానే ఒకసారి, మధ్యాహ్నం తిండికి ముందు ఒకసారి, కొన్నాళ్ళు సాయంత్రం కూడా. అంకె పడగానే మిషన్ తిప్పి ముందు నాకు చూపించేవాడు. "నూట పన్నెండు. పాసయ్యానా టీచరమ్మా?" అనేవాడు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. నన్ను టీచరమ్మా అని పిలిచిన మనిషి ఈ భూమ్మీద అతనొక్కడే.

చనిపోయే ముందటి చలికాలం అంతా పాసయ్యాడు. తోటలో ట్రాక్టరు తోలేవాడు, చెట్లు కత్తిరించేవాడు, కాలర్డ్ ఆకుకూర గిన్నెడు తిని మొక్కజొన్న రొట్టె ఒక్క ముక్కతో ఆగేవాడు. క్లినిక్కులో నర్సు అతన్ని చూపించి మిగతావాళ్ళకి బుద్ధి చెప్పేది.

పోయినేడు మే నెలలో పీచ్ కోత మొదలవుతూనే గ్రేడీ అతన్ని ట్రాక్టరు మీంచి దించి షెడ్డులోకి తెచ్చాడు. ఏరివేత పని. బెల్టు మీద పళ్ళు దొర్లుకుంటూ వస్తాయి. పగిలినవి, చితికినవి, పురుగు కుట్టినవి చేత్తో తీసి డబ్బాల్లో వెయ్యాలి. తొడుగులు వేసుకుంటే పండు మెత్తదనం తెలియదని వేసుకోనివ్వరు. మధ్యాహ్నం తిన్నాక ఆ డబ్బాలన్నీ ట్రక్కులోకెత్తి ఆరు మైళ్ళవతల పందుల ఫారానికి తోలాలి. నేను అదే బెల్టుకి పై కొసన మంచి పళ్ళు సైజు చూసి విడదీసేదాన్ని. నాకు పళ్ళ మీది నూగు అంటుకునేది, మెడంతా దురద. అతనికి రసం అంటుకునేది. మోచేతుల దాకా కారి, ఎండి, మళ్ళీ కారేది. కందిరీగలు అతని చేతుల చుట్టూనే తిరిగేవి.

అంతకు ముందు ఏడాది కోత చివర్లోనే కుళాయి మూసేశారు. నేల తడిసి జారుతోందని మాకు చెప్పారు. చేతులు కడుక్కునే వంకతో ఆడవాళ్ళు అక్కడ నిలబడిపోతున్నారన్నది వాళ్ళ అసలు బాధ. కడుక్కోవాలంటే ఆవరణ దాటి ఆఫీసు వెనకున్న గదికి పోవాలి. పోయి రావడానికి పన్నెండు నిమిషాలు, అక్కడ నిలబడే వరస కాక. తిండికి ఇచ్చేది అరగంట. అందరం చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని తినడం మొదలుపెట్టాం. హోజియా మా అందరికంటే శుభ్రం. క్లినిక్కులో ఇచ్చిన స్పిరిట్ దూది పొట్లం చించి, వేలు బాగా రుద్ది, ఆరాక గుచ్చుకునేవాడు. ఆస్పత్రిలో డాక్టర్లు వాడే సరుకు, నీళ్ళు దానిముందు ఏపాటి అనేవాడు. మేమూ అదే నిజమనుకున్నాం.

మే చివరికల్లా మధ్యాహ్నం అంకె మూడు వందలు దాటింది.

మొదటిరోజు నవ్వాడు, మిషన్‌కి ఎండ దెబ్బ కొట్టిందన్నాడు. వారం తిరిగాక నవ్వలేదు. క్లినిక్కుకి పోతే నర్సు మిషన్ మీట నొక్కి పాత అంకెలు వెనక్కి చూసుకుంటూ పోయి, పీచ్ షెడ్డులో పనంటున్నావు, రోజుకి ఎన్ని నోట్లో వేసుకుంటున్నావు అని అడిగింది. ఒక్కటీ లేదన్నాడు. ఆవిడ నా వంక చూసి కనుబొమలెగరేసింది. నేనూ అతని వంక ఆవిడ చూసినట్టే చూశాను. ఇన్సులిన్ పెంచారు. అంకె ఎంతుంటే ఎంత పొడుచుకోవాలో చార్టు రాసిచ్చారు.

అప్పటినుంచీ మధ్యాహ్నాలు అతనికి ఒళ్ళు వణికేది, చెమటలు పట్టేవి. ఎండ అనుకున్నాడు. ట్రక్కులో కూర్చున్నాక కోలా తాగాలని ప్రాణం లాగేస్తోందని, తాగితే గాని చేతులు నిలవట్లేదని ఒకసారి నాతో అన్నాడు. నేను వినలేదు. వినకపోగా, ట్రక్కు సీటు కింద కోలా డబ్బాలు దొరికితే తెచ్చి వంటింటి బల్ల మీద వరసగా నిలబెట్టాను. దొంగని పట్టుకున్నదానిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను. అతని ఒళ్ళు చక్కెర కోసం అరుస్తుంటే, నేను అతను చక్కెర తింటున్నాడని అరిచాను.

జూలై మూడో గురువారం. ట్రక్కు వెనక తలుపు దించుకుని ఇద్దరం దాని మీద కూర్చున్నాం. మధ్యలో శాండ్‌విచ్‌లు, ఉడికిన వేరుశనక్కాయల పొట్లం, అతని కోలా డబ్బా. స్పిరిట్ దూదితో వేలు తుడిచాడు, గుచ్చాడు, స్ట్రిప్ అంటించాడు. మిషన్ తిప్పి చూపించలేదు. నేనే లాక్కుని చూశాను. 386.

"ఎన్ని తిన్నావు?" అన్నాను.

"ఒక్కటి కూడా లేదు, టీచరమ్మా. ఒట్టు."

"అయితే మిషన్ అబద్ధమాడుతోందా, నువ్వు ఆడుతున్నావా? నీ నోరు కట్టుకోవడం చేతకాక రోజూ నా నెత్తిన ఈ అబద్ధాలెందుకు? నాకు విధవరాలినవ్వాలని లేదు హోజియా."

అతను నన్ను చూశాడు. పోట్లాడితే బాగుండేది. చార్టు తీసి చూసుకుని, చొక్కా ఎత్తి, ఆ అంకెకి రాసి ఉన్న మందంతా పొట్టలోకి పొడుచుకున్నాడు. శాండ్‌విచ్ సగం తిన్నాడు. లేచి డబ్బాలు ఎత్తించుకున్నాడు. వెళ్ళేముందు ఆ కోలా డబ్బా తీసి నా పక్కన పెట్టాడు. మూత తియ్యలేదు. "నీ దగ్గరే ఉంచు. సాయంత్రం చూద్దువుగాని" అన్నాడు.

అంతే. ట్రక్కు పందుల ఫారం మలుపు దగ్గర రోడ్డు దిగి పెకాన్ తోట గుంటలో పడింది. ఎదురు వచ్చినతను ట్రక్కు రోడ్డంతా ఊగుతూ వచ్చిందని చెప్పాడు. అందుకని తాగాడన్నారు. చర్చిలో నీళ్ళలో మునిగి లేచిన రోజునుంచి ఇరవై ఏళ్ళు చుక్క ముట్టని మనిషిని. షెడ్డులో మాత్రం ఇంకో మాట తిరిగింది, పళ్ళు మెక్కి చచ్చాడని. గ్రేడీ ఆ మాట నవ్వుతూ అన్నాడని నాకు తెలిసింది. నాకు కోపం రాలేదు. నేనూ అదే నమ్మాను కాబట్టి.

ఆ కోలా డబ్బా ఇప్పటికీ మా ఫ్రిజ్జులో ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వను.

అక్టోబరులో నా కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని వెళితే నాకూ షుగరన్నారు. ఇంట్లో అదే రకం మిషన్ ఉందిగా, దాన్నే వాడుకో, స్ట్రిప్‌లు మాత్రం ఇస్తానంది నర్సు. ఆ సంచి నేను అంత్యక్రియల రోజునుంచి తెరవలేదు. తెరిస్తే అతని వాసన. స్పిరిట్, ఇంజనాయిలు, పీచ్. వేలు గుచ్చుకున్నాను, నా అంకె చూసుకున్నాను. మీట పొరపాటున రెండోసారి నొక్కాను. తెర మీద 386 వచ్చింది, తేదీ, టైముతో సహా. జూలై, ఆ గురువారం, మధ్యాహ్నం పన్నెండూ పది.

మళ్ళీ నొక్కాను. అదే రోజు పొద్దుటిది, 108. దాని ముందురోజు. దాని ముందురోజు. నొక్కుతున్న కొద్దీ అతను వెనక్కి, వేసవిలోంచి వసంతంలోకి, చలికాలంలోకి నడుచుకుంటూ పోయాడు. ఈస్టరు పొద్దున 104. బూడిదరంగు సూటు వేసుకుని, టై నాచేత కట్టించుకున్న పొద్దు అది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం 143. మా చెల్లెలింట్లో చేపలు వేయించారు, వద్దంటే విన్నాడా. ఒక జనవరి తెల్లవారుజామున 71. చేతులు చల్లబడితే నేను మంచం మీదే నారింజ రసం తాగించాను, తాగి నా మెడలో మొహం పెట్టుకుని మళ్ళీ నిద్రపోయాడు. అతని ఫోటోలు మా ఇంట్లో పదో పన్నెండో ఉన్నాయి, అన్నింటిలోనూ బిగుసుకుని నిలబడి ఉంటాడు. వీటిల్లో అలా కాదు. ఒక్కొక్కటీ అతని ఒంట్లోంచి వచ్చిన చుక్క చెప్పిన మాట. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, టోపీ కూడా తియ్యకుండా వంటింటి బల్ల దగ్గర కూర్చుని మీట నొక్కుతూ ఉండేదాన్ని. పాసయ్యావు. పాసయ్యావు. ఇది కూడా పాసయ్యావు.

మూడో వారానికి తేడా కనిపెట్టాను. అన్నిటికంటే వెనకున్నది నవంబరు ఇరవై మూడు పొద్దున అయి ఉండాలి. లేదు. ఇరవై తొమ్మిదితో ఆగిపోయింది. క్లినిక్కుకి పరుగెత్తాను. మిషన్‌లో ఐదు వందలే పడతాయమ్మా, కొత్తది ఒకటి ఎక్కితే పాతది ఒకటి దిగిపోతుంది అంది నర్సు, బస్సు సంగతి చెప్పినట్టు. నేను నా వేలు గుచ్చుకున్న ప్రతిసారీ అతన్ని ఒక పూట తుడిచేస్తున్నానన్నమాట.

ఆ రోజుతో మానేశాను. మాత్రలు వేసుకునేదాన్ని, గుచ్చుకోవడం మాత్రం లేదు. డిసెంబరుకి కళ్ళు మసకేశాయి. ఫిబ్రవరిలో కాలి మీద పుండు మానలేదు. లైనులో నా పక్కన నిలబడే మిస్ ఎర్నస్టీన్ కాలు చూసి చూడనట్టు వదిలే మనిషి కాదు. డెబ్బయ్యొక్కేళ్ళావిడ, షెడ్డులో అందరికంటే ముందునుంచీ ఉంది, షుగరు, బీపీ ఏదీ లేదని ఊరంతా చెప్పుకుంటుంది. మా ఇంటికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. సంగతంతా చెప్పాను.

"ఓసి పిచ్చిదానా, కాగితం మీద రాసుకోవే. రాసుకుని నీ వేలు నువ్వు గుచ్చుకో. చచ్చినవాడి అంకెల కోసం కాలు తీయించుకుంటావా?"

కాగితం వేరు అన్నాను. కాగితం మీద పెట్టేది నా చెయ్యి. తెర మీద పెట్టింది అతని నెత్తురు.

"వాడి నెత్తురు వాడి దగ్గరే ఉండనీ. నీది చూసుకో" అంది. ఎదురుగా కూర్చుని రాయించేదాకా కదల్లేదు.

రెండు ఆదివారాలు పట్టింది. తేదీ, ఏ పూట, అంకె. పక్కన నాకు గుర్తున్నది. రాస్తూ రాస్తూ మే నెలకి వచ్చేసరికి నా పెన్ను నిలిచిపోయింది. పొద్దుటివన్నీ బాగానే ఉన్నాయి. మధ్యాహ్నాలు మూడు వందల పైన. కానీ ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం నూట ఇరవై, నూట పది. వడగళ్ళు పడి షెడ్డు మూసిన రెండు రోజులూ అంతే. జూలై నాలుగు, స్వాతంత్ర్య దినం, షెడ్డుకి సెలవు, మా పెరట్లో అందరం. తిండికి ముందు 121. ఆరోజు నేను పళ్ళూ చక్కెరా వేసి కాల్చిన పీచ్ కాబ్లర్ గిన్నెడు తిన్నాడు, నా కళ్ళముందే, పండగ కదా అని వదిలేశాను. తిన్నాక చూసుకుంది 188. మర్నాడు షెడ్డులో, తిండి ముట్టకముందు, 341.

పీచ్‌లు నిజంగా తిన్నరోజున రెండు వందలు దాటలేదు. తినలేదని ఒట్టు పెట్టిన ప్రతిరోజూ మూడు వందలు దాటింది. ఇందులో ఏముందో నాకు అందలేదు. ఏదో ఉందని మాత్రం తెలిసింది. రాయడం అయ్యాక కూడా వారానికి ఒక్కసారి మించి వేలు గుచ్చుకోలేకపోయాను.

ఈ ఏడు మే నెలలో ఏరివేత పనికి మనిషి దొరక్క గ్రేడీ నన్ను పెట్టాడు. అతని చోట నిలబడ్డాను. మూడు గంటల పనికే రసం మోచేతులు దాటింది. కందిరీగలు వచ్చాయి. అవి నా చూపుడువేలి మీద వాలి పాకుతుంటే విదిలించడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాను. పక్కామె నన్ను మోచేత్తో పొడిచింది.

మధ్యాహ్నం ట్రక్కు వెనక కూర్చుని సంచి తెరిచాను. ఏమీ తినలేదు, పొద్దున గుడ్డు, కాఫీ తప్ప. అతను చేసినట్టే స్పిరిట్ దూదితో తుడిచి గుచ్చాను. 274. లేచి ఆవరణ దాటి పోయాను, తిండి టైము పోతే పోయిందని. సబ్బుతో, పారే నీళ్ళ కింద, గోళ్ళ సందుల్లోంచి కడిగాను. అక్కడే నిలబడి ఇంకో వేలు గుచ్చాను. 151. తిరిగి వచ్చి పగిలిన పండు ఒకటి పిసికి, తుడవకుండా గుచ్చాను. 398.

కందిరీగలకి తెలిసింది క్లినిక్కుకి తెలియలేదు. నాకూ తెలియలేదు. అతని నెత్తురులో లేని చక్కెర అతని వేలి మీద ఉంది. మిషన్ దాన్ని కూడా కలిపి చెప్పింది. లేని షుగరుకి అతను నిజం మందు పొడుచుకున్నాడు. పొడుచుకుని, నా మాటకి రోషపడి, తనని రోజూ బతికిస్తున్న కోలా డబ్బా నా పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఉన్న కాస్త షుగరూ పడిపోయి, ట్రక్కు తోలుతూనే స్పృహ తప్పాడు.

మళ్ళీ ఆ కడుక్కునే గదికి పోయి నేల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నాకు ఒకే ఒక్కటి కావాలనిపించింది. అతను ఆ తలుపులోంచి తల వంచుకుని లోపలికి రావాలి, ఆ ఎడమ భుజం కాస్త వాలి. నేను చెప్పాలి, నువ్వు తినలేదు హోజియా, నాకు తెలిసింది. అతను నమ్మనట్టు మొహం పెట్టి నన్ను రెండోసారి చెప్పించుకోవాలి. రెండోసారి చెప్పడానికి నా మిగతా ఆయుష్షంతా ఇచ్చేస్తాను. తీసుకునేవాళ్ళు లేరు. ఆ మూడు పరీక్షలకీ మిషన్‌లోంచి అతని డిసెంబరు మొదట్లో ఒక రోజూ, మర్నాటి పొద్దూ పోయాయి. ఆ రోజుల్లో ఏం చేశామో నాకు గుర్తు లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

మర్నాడు తిండి టైములో మిస్ ఎర్నస్టీన్‌ని పిలిచి చెయ్యి చాచమన్నాను. లైనులో ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. నాకేం షుగరు లేదు, నీ సూది నా దగ్గరకి తేకు అంది. పొద్దుటినుంచీ పళ్ళు ఏరిన చెయ్యి. ఏప్రన్‌కి తుడుచుకుంది. కొత్త సూది పెట్టి గుచ్చాను.

తెర చూసి ఆవిడ కళ్ళద్దాలు ముక్కు మీదకి జారాయి. "మూడు వందల ఇరవై ఎనిమిదా? ఈ లెక్కన నేను పోయిన మంగళవారమే చచ్చిపోయుండాలే."

అందరూ నవ్వారు. ఇంటినుంచి తెచ్చిన నీళ్ళ క్యాను ఎత్తి ఆవిడ చేతులు సబ్బుతో కడిగించి మళ్ళీ గుచ్చాను. 94. వాళ్ళకి నేను చెప్పనక్కర్లేకపోయింది. హోజియా నిలబడిన చోటు వంక ఒకరి తరవాత ఒకరు తల తిప్పి చూశారు. పళ్ళు మెక్కి చచ్చాడన్న మాట వాళ్ళ నోళ్ళలోంచి కూడా వచ్చిందే.

ఒకామె తన చెయ్యి ముందుకు చాచింది. ఆమెకి రెండేళ్ళుగా షుగరు, మధ్యాహ్నం మందు ఆమె కూడా ఇక్కడే పొడుచుకుంటుంది. ఆమె వెనక ఇంకొకామె. మిషన్ పట్టుకుని నేను ఆగిపోయాను. మిస్ ఎర్నస్టీన్ నా చెవి దగ్గరగా వంగింది.

"వాడివి పోతాయి కదే పిల్లా. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. ఆ మిషన్‌ని గుండెలకి అదుముకుని ఇంటికి పోతే అతను నాకొక్కదానికీ మిగులుతాడు. ఈమె ఇవాళ మూడు వందలు చూసి, చార్టు తీసి, పొడుచుకుని, ఇంటికి కారు తోలుకుంటూ పోతుంది. "చెయ్యి ఇటివ్వమ్మా" అన్నాను. ఆ మధ్యాహ్నం ఏడుగురు. కడగకముందు ఒకటి, కడిగాక ఒకటి. అతని డిసెంబరులో ఒక వారం దాదాపు మొత్తం పోయింది. క్రిస్మస్ చెట్టు భుజానేసుకొచ్చిన రోజు కూడా.

గ్రేడీ వచ్చాడు. ఏమిటీ సంత అన్నాడు. చూపించాను, అంకెలు రాసిన కాగితం కూడా. అతను కుర్రతనం నుంచీ మాకు తెలిసినవాడే, డెబ్బయ్యేళ్ళ మిస్ ఎర్నస్టీన్‌ని కూడా మిస్ అనకుండా ఒట్టి పేరు పెట్టి పిలుస్తాడు.

"చూడు వెర్లీన్, ఈ మిషన్ ఒక ఆటబొమ్మ. దీన్ని పట్టుకుని నువ్వు కేసు పెడతావా? కడుక్కోవడానికి గది లేదా?"

"పోయి రావడానికి పన్నెండు నిమిషాలు. మీరు నడిచి చూశారా?"

"నీ మొగుడికి క్లినిక్కు వాళ్ళు చెప్పి ఉండాల్సింది. నాకేం సంబంధం?"

"ఆ కుళాయి ఉంటే అతను కడుక్కునేవాడు. శుభ్రం ఉన్న మనిషి. మీకు తెలుసు మిస్టర్ గ్రేడీ, మీ ట్రక్కు అద్దాలు కూడా అతనే తుడిచేవాడు."

గ్రేడీ కాగితం మడిచి నా చేతికిచ్చాడు. పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. మాట్లాడాడు కాబోలు. పదిరోజుల తరవాత సోమవారం గోడకి కాగితం అంటించారు. లైను దగ్గర సూదులు, షుగర్ మిషన్లు తేకూడదట. శుభ్రత కోసమట. కుళాయి ముందు పెట్టెలు అలాగే ఉన్నాయి.

నేను మళ్ళీ రోజూ నాలుగుసార్లు గుచ్చుకుంటున్నాను. పుండు మానింది. మిషన్‌లో అతను రోజుకి నాలుగు అంకెలు తరిగిపోతున్నాడు. పాతది ముందు పోతుంది, అది దాని పద్ధతి. జనవరి 71 పోతుంది. ఈస్టరు పోతుంది. పాసైనవన్నీ వరసగా పోయి, అన్నిటికంటే చివర మిగిలేది ఆ ఒక్కటే, 386. అతనిది కాని అంకె. మీరు అతని వేలికి పూసిన అంకె, నేను చూసి అతన్ని అబద్ధాలకోరు అన్న అంకె. లెక్కేశాను, సెప్టెంబరు చివరికి అదీ పోతుంది. ఈలోపు పీచ్ కాలమే అయిపోతుంది, మీరు తాళాలు వేసుకుని పోతారు, వచ్చే మేలో ఇంకో మనిషిని నా చోట నిలబెడతారు. అంతదాకా నేను ఆగను.

కౌంటీ ఆఫీసు వాళ్ళు అతని చావు కాగితంలోంచి తాగాడన్న మాట కొట్టేసి, నా ఎదురుగా మళ్ళీ సంతకం పెట్టాలి. క్లినిక్కు వాళ్ళు మందు పెంచేముందు మనిషి ఏ పని చేసి వచ్చాడో అడగాలి, దూది సంగతి మాని కుళాయి సంగతి చెప్పాలి. గోడ మీద కాగితం ఇవాళే చింపెయ్యాలి. షుగరు ఉన్న ప్రతి మనిషికీ తిండి టైము కాక ఇంకో పది నిమిషాలు ఇవ్వాలి, జీతంలో కోత లేకుండా.

రేపు పొద్దున ఆరింటికి మేము లైనులో నిలబడతాం, ఇరవై ముగ్గురం, చేతులు ఏప్రన్లలో పెట్టుకుని. బెల్టు తిప్పుకోండి, పళ్ళు కింద పడనివ్వండి. కుళాయికి కొత్త పిడి మేమే కొనుక్కొచ్చాం, మిస్ ఎర్నస్టీన్ సంచిలో ఉంది. రెంచి మీ దగ్గరుంది. ఆ పెట్టెలు పక్కకి లాగండి, గొట్టం మూత విప్పండి, నీళ్ళు వదలండి. మొదటి పండు బెల్టు మీదకి రాకముందే.